రిలీవర్ రాలేదు

ఇటు కృష్ణ నుంచి అటు తుంగభద్ర దాకా రాయచూరు జిల్లా అంతా గాలించినా, ఒకే డ్యూటీని పదకొండేళ్లపాటు దిగకుండా చేసిన మనిషి కనకప్ప ఒక్కడే దొరుకుతాడు. జీతం లేదు, బత్తెం లేదు, మెడలో ఒక ఈల తప్ప సరంజామా లేదు. నమ్మనివాళ్లు పడవల క్లబ్బు రిజిస్టరు తెరిచి చూసుకోవచ్చు. ‘రాక’ గడిలో 1993 ఫిబ్రవరి, రెండో ఆదివారం, పొద్దున ఏడు గంటలు. పక్కన ‘పోక’ గడిలో 2004 ఫిబ్రవరి, మూడో ఆదివారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. ఆ రెండు గడుల మధ్య ఉన్నది ఒక్క గీత. ఆ గీత దాటడానికి కనకప్పకు పదకొండేళ్లు పట్టింది.

థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో కనకప్ప బొగ్గు బెల్టు మీద పనికి కుదిరాడు. ఫ్యాక్టరీకి నీళ్లు కావాలని కట్టిన అడ్డుకట్ట వెనక కృష్ణ చెరువులా నిండి నిలిచేది. అన్ని నీళ్లు ఊరికే ఉన్నాయే అని ఇంజనీర్లకు మనసు ఊరుకోలేదు. ఆరు తెరచాప పడవలు తెప్పించి, ఒడ్డున రేకుల షెడ్డు వేసి, క్లబ్బు పెట్టారు. కార్మికులు కూడా చేరవచ్చని గేటు దగ్గర నోటీసు అంటించారు. పన్నెండు డ్యూటీలు పూర్తి చేసిన సభ్యుడికి ఒక రోజంతా పడవ ఇస్తామన్నది అందులో చివరి వాక్యం. కనకప్ప చదివింది ఆ వాక్యం ఒక్కటే. పన్నెండు డ్యూటీలంటే ఎంత, పన్నెండు ఆదివారాలే కదా అనుకున్నాడు.

అనుకుని ఊరుకోకుండా పెళ్లాం అయ్యమ్మతో చెప్పాడు. అయ్యమ్మ వాళ్లక్క తిరుమలమ్మతో చెప్పింది. తిరుమలమ్మ ఉండేది సరిగ్గా ఏటికి అవతలి గడ్డ మీద, పాలమూరు జిల్లాలో. ఈ ఒడ్డున అయ్యమ్మ ఆరేసిన చీర ఏ రంగుదో ఆ ఒడ్డునుంచి తిరుమలమ్మ చెప్పగలదు. బొగ్గు మోసేవాడికి తెరచాప పడవా అని ఆమె కడుపుబ్బ నవ్వి, చివర ఒక మాట అంది. “సరే తియ్యవే. ఇంక బస్సుల వస్తే నా గడప తొక్కకు. పడవల రా.”

అక్క అన్నది వేళాకోళానికి. చెల్లెలు పట్టుకున్నది పంతానికి. ఆ రోజు నుంచి వంతెన మీద బస్సులు తిరుగుతూనే ఉన్నా అయ్యమ్మ అక్క ఇంటికి పోలేదు. చుట్టాల పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరు వడ్డించే పంక్తిలో ఇంకొకరు కూర్చునేవారు కాదు.

ఇక క్లబ్బులో, మొదటి మీటింగులో సెక్రటరీ సాబ్ లేచి, ఇష్టపూర్వకంగా డ్యూటీ చేసేవాళ్లు చేతులెత్తమన్నాడు. సాబ్ ఉత్తరాది ఇంజనీరు, హిందీ తప్ప రాదు. ఇంజనీర్లందరికీ ఆ క్షణాన ఏటి అందం గుర్తొచ్చి అటు తిరిగారు. ఎత్తిన చెయ్యి కనకప్పది ఒక్కటే. ఆయనకు జెండా డ్యూటీ పడింది. ఎర్ర జెండా ఎత్తితే పడవలు తయారుగా ఉండాలి, దించి ఈల వేస్తే పోటీ మొదలు. ఎవరు ముందు వచ్చారో రాసుకోవాలి. గాలి ఎటు వీస్తున్నదో మైకులో చెప్పాలి.

గాలి సంగతిలో కనకప్ప ముందు ఏ యంత్రమూ నిలవదు. థర్మల్ చిమ్నీ వైపు ఒక్క చూపు చూసేవాడు. పొగ ఎటు వంగితే గాలి అటు. ఒకసారి యూనిట్లన్నీ ట్రిప్ అయి పొగ ఆగిపోతే, ఈ రోజు గాలి లేదని పోటీ రద్దు చేశాడు. అప్పుడు తెరచాపలు గాలికి పటపటమని కొట్టుకుంటున్నాయి. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఉర్దూలో గాలి అంటే తిట్టు. ఆ సంగతి రాయచూరులో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు, కనకప్పకూ తెలుసు. కాని డ్యూటీలో ఉన్నప్పుడు ఆయనకు గాలి అంటే గాలే. మొదటి పోటీ రోజున మైకు అందుకుని, సాబ్‌కు పడమటి నుంచి పెద్ద గాలి వస్తున్నదని ప్రకటించాడు. సాబ్ ఎర్రబడ్డ మొహంతో పడమటికి తిరిగి, ఎవడు వాడు అని అడిగాడు.

పోటీ అయింది. అందరూ పడవలు ఒడ్డుకు లాగి ఇళ్లకు పోయారు. కనకప్ప మాత్రం జెండా పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఎందుకంటే, బెల్టు మీద ఆయన మొదట నేర్చిన పాఠం ఒకటే. రిలీవర్ వచ్చి, తన చోట నిలబడి, సంతకం పెట్టే దాకా డ్యూటీ దిగకూడదు. కొత్తలో ఒకసారి రిలీవర్ రాకముందే ఐదు నిమిషాలకని పక్కకు పోయాడు. తిరిగొచ్చేసరికి బెల్టు పక్కకు జరిగి బొగ్గు నడుము లోతుకు పోసింది. పార పట్టి రెండు షిఫ్టులు ఎత్తిపోశాడు. అప్పటి నుంచి ఇల్లు కాలుతున్నా సరే, కనకప్ప రిలీవర్ మొహం చూడందే కదిలే మనిషి కాదు. క్లబ్బులో రిలీవర్ అనేవాడు అసలు లేడని, ఉండడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు. డ్యూటీ ఉందంటే రిలీవర్ ఉండాలి కదా.

చీకటి పడ్డాక, ఈల మెడలో ఉన్నంతసేపూ డ్యూటీలో ఉన్నట్టేనని లెక్కేసుకుని, పోక సంతకం పెట్టకుండా ఇంటికి నడిచాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. రాక సంతకం పెట్టలేదు, ఎందుకంటే ఇంకా పోలేదు. ఆ లెక్కన ఐదొందల పైచిలుకు ఆదివారాలు గడిచాయి. ఈలతోనే బొగ్గు బెల్టు ఎక్కాడు, ఈలతోనే పెళ్లిళ్లలో పంక్తిన కూర్చున్నాడు. రిజిస్టరు ప్రకారం ఆయన పూర్తి చేసిన డ్యూటీలు సున్నా. పడవ ఎక్కే హక్కు రాలేదు, ఆయన అడగనూ లేదు. పడవ తీసుకుపొమ్మని సాబ్ ప్రతి ఏడూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి మానేశాడు.

ఇంతలో క్లబ్బు మూసేస్తున్నామన్నారు. పడవలను ఇంకో ఊరికి పంపేస్తారట. ఫిబ్రవరి మూడో ఆదివారం ఆఖరి పోటీ. ఆ రోజు పడవ ఎక్కకపోతే ఇక అయ్యమ్మకు అక్క గడప లేనట్టే.

ఆ పొద్దున అయ్యమ్మ జొన్నరొట్టెల మూట పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. వచ్చింది కేవలం రొట్టెలు ఇవ్వడానికి కాదు. బొగ్గువాడని చులకన చేసి తన మొగుడికి పదకొండేళ్లుగా పడవ ఇవ్వలేదని ఆమె నమ్మకం. నేరుగా సాబ్ దగ్గరికి పోయి, తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిపి దులిపేసింది. ఈసారి వచ్చింది నిజంగా ఉర్దూ గాలే. సాబ్ రెండు చేతులూ జోడించి, పడవ అదిగో ఉంది, తీసుకుపోండమ్మా, మీ ఆయనే ఎక్కడం లేదన్నాడు. పోటీల్లో ఎప్పుడూ మొదట వచ్చే ప్రాణేశ్ అనే కుర్ర ఇంజనీరు పక్కనుంచి మిగతా కథంతా చెప్పాడు. అయ్యమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

“ఏందిది?”

“రిలీవర్ రాలే,” అన్నాడు కనకప్ప.

“పదకొండేండ్ల సంది రాలేనా?”

“రాలే.”

“ఎవర్నన్న అడిగినవా?”

“మనం అడగొద్దు. పైనోళ్లే పంపాలె.”

అయ్యమ్మ రొట్టెల మూట కుర్చీ మీద పెట్టి చెయ్యి చాపింది. “ఇటు తే ఆ ఈల. నేనే రిలీవర్.”

కనకప్ప మొహంలో పదకొండేళ్ల బరువు దిగిపోవడం ఒడ్డున ఉన్నవాళ్లందరూ చూశారు. అయినా తొందరపడలేదు. జెండాలు లెక్కపెట్టి అప్పజెప్పాడు. కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయని, నాలుగో వైపు ఒరగొద్దని చెప్పాడు. చిమ్నీ పొగ చూపించాడు. అయ్యమ్మ కన్నడ అక్షరాల్లో సంతకం పెట్టింది. ఆయన పోక సంతకం పెట్టి, పదకొండూ పది అని వేశాడు. గెలిచి గెలిచి విసుగెత్తిన ప్రాణేశ్ తన పడవ తెచ్చి నిలిపాడు. కనకప్ప ఎక్కాడు. వెనకే అయ్యమ్మ కుచ్చెళ్లు పైకి దోపుకుని కాలెత్తింది.

“నువ్వెటు?” అన్నాడు కనకప్ప. “డ్యూటీల ఉన్నవ్ గద. రిలీవర్ రాకుంట దిగొద్దు.”

ఎత్తిన కాలు అలాగే ఉంది. అయ్యమ్మ కాలు దించి, పోయి మూడు కాళ్ల కుర్చీలో కూర్చుంది.

“సరే. పోయి మా అక్కను తోల్కరా. ఆమెనే నా రిలీవర్.”

పడవ వంద గజాలు పోయి ఆగింది. ఈల పడకముందే ముందుకు పోవడం తప్పని కనకప్ప ప్రాణేశ్ చేత తెరచాప వదులు చేయించాడు. నడిమధ్యలో కొయ్యబారిన మొగుడిని చూసి అయ్యమ్మకు ఒళ్లు మండింది. జెండా ఎత్తి, దించి, ఈల వేసింది. మిగతా ఐదు పడవలవాళ్లు పోటీ మొదలైందనుకున్నారు. దారి గుర్తుకు నీళ్లలో తేలేసిన ఏ పీపా చుట్టూ తిరగాలో వాళ్లు ఎన్నడూ చూసుకోలేదు, ప్రాణేశ్ పడవ వెనకే పోవడం వాళ్లకు అలవాటు. ఆ రోజూ అలాగే పోయారు. ఆరు పడవలూ కృష్ణను అడ్డంగా కోసుకుంటూ వెళ్లి తిరుమలమ్మ గిన్నెలు తోముకునే రేవులో ఆగాయి. మొట్టమొదట నేల మీద కాలుపెట్టింది కనకప్ప. ఆఖరి పోటీలో మొదటి స్థానం ఆయనదేనని ఇవతలి ఒడ్డున అయ్యమ్మ రాసిపెట్టింది.

తిరుమలమ్మ చేతిలోని గిన్నె జారి ఏట్లో పోయింది. పడవలన్నీ ఒక్కొక్కటే వెతికింది. చెల్లెలు కనిపించలేదు.

“మా చెల్లె ఏది, మరిదీ?”

“డ్యూటీల ఉంది వదినా.”

“ఇన్నేండ్లకు పడవ దొరికితే డ్యూటీ ఏంది?”

“ఆమె నిలబడ్డ తావుల ఇంకొకరు నిలబడాలె. నువ్వొస్తే వస్తది.”

తిరుమలమ్మ మరిది వెనకకు చూసింది. పదకొండు మంది మగవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. లోపలికి పిలిచి రొట్టె, పుంటికూర పెట్టింది. వాళ్లు తిన్న పళ్లేలు అలాగే వదిలేసి, చెంగు నడుముకు చుట్టి పడవ ఎక్కింది. దారి పొడుగునా పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకునే ఉంది.

ఇవతలి ఒడ్డున అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు.

“పడవల రమ్మంటి గదనే. రాకపోతివి,” అంది అక్క.

“రానీకే నిలబడిన. నువ్వీడ నిలబడు,” అంది చెల్లెలు, ఈల తీసి అక్క మెడలో వేసి.

తిరుమలమ్మ రిజిస్టరులో వేలిముద్ర వేసింది. అప్పుడు అయ్యమ్మ పడవ ఎక్కి, మొగుడి పక్కన కూర్చుని, ఏరు దాటి, అక్క గడప తొక్కింది. ఇంట్లో ఎవరూ లేరు. కుండలో నీళ్లు ముంచుకు తాగింది. క్లబ్బువాళ్లు తిన్న పళ్లేలన్నీ కడిగి బోర్లించింది. చెంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ పడవలో తిరిగొచ్చింది.

“ఇల్లు చూసినవా?” అంది తిరుమలమ్మ.

“చూసిన. నువ్వే లేవు.”

ఆ మాటకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ కుదుపుకు మూడు కాళ్ల కుర్చీకి రెండే మిగిలాయి.

క్లబ్బు మూతపడింది. పడవలు లారీ ఎక్కిపోయాయి. తిరుమలమ్మను డ్యూటీ దించేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆమె ఈలతోనే బస్సెక్కి ఇల్లు చేరింది. అయ్యమ్మ ఇప్పుడు నెలకోసారి బస్సులోనే అక్క ఇంటికి పోతుంది. తిరుమలమ్మ పల్లెత్తు మాట అనదు. డ్యూటీలో ఉన్న మనిషి గడప దగ్గర తగువులు పెట్టుకోకూడదని మరిది ఆమెకు చెప్పాడట.

ఇదంతా కనకప్పకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక గొంతు సవరించుకుని అన్నాడు.

“పదకొండేండ్లని రాస్తే తప్పు. నడుమ రెండుసార్లు చాయ్‌కి పోయొచ్చిన.”