నూనె అయిపోయినంక

నా గొంతు పెద్దది. దేవుడిచ్చిన వరమని చర్చి సంఘంలో అనుకునేవాళ్లు. నిజానికి అది సిరిసిల్ల సాంచలు ఇచ్చిన గొంతు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఒక్క షెడ్డులో ఇరవై సాంచలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడిని మంచినీళ్లు అడగాలన్నా అరవాల్సిందే. పదహారో ఏట నుంచి అట్లా అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరి వాళ్లు ఉప్పు డబ్బా అందుకునేంత గొంతు తయారైంది నాకు.

తర్వాత్తర్వాత సాంచలు వారానికి మూడు రోజులే ఆడేవి. కొన్నాళ్లకు అవీ ఆగాయి. నా పక్క సాంచ మీద పనిచేసే ఆయన ఒకరోజు పనికి రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. తంగళ్ళపల్లి నుంచి ఒక ముసలామె వచ్చి ఆయన భార్య పక్కన మూడు రోజులు కూర్చుని బైబిలు చదివి వినిపించింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. చదివింది, అంతే. నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాను. నాకు విశ్వాసం మొదలైంది అక్కడే. ఆమెలాగా చదవాలి అనుకున్నాను. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం పైకి చదవడం ఒక్కటే. కూర్చోవడం నేర్చుకోలేదు.

పని లేక అమ్మను, భార్యను, చిన్న బిడ్డను తీసుకుని నా భార్య పుట్టిల్లు కోరుట్లకు మారాను. బిడ్డ అంటే మాకు కూతురే. కోరుట్లలో రేకుల కప్పు కింద చిన్న ప్రార్థన మందిరం ఉండేది. దానికి మైకు లేదు. నేను వెళ్లాక అవసరం కూడా లేకపోయింది. ఆదివారం పాస్టరయ్య వాక్యం చెప్పే ముందు లేచి నిలబడి బైబిలు చదివే పని నాది. చదివి కూర్చుంటుంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను తల వంచుకుని వినయం నటించేవాణ్ణి.

సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం ఆ పుస్తకం కవరు జిప్పు తీసేవాణ్ణి కాదు. ఒక్కణ్ణే కూర్చుని చదవాలంటే నాకు ఆవలింతలు వచ్చేవి. వినేవాళ్లు లేని చదువు నాకు చదువులాగే అనిపించేది కాదు. ప్రతి కొత్త సంవత్సరం రోజున మాత్రం ఈసారి మొత్తం చదువుతానని ఆదికాండం మొదటి పేజీ తెరిచేవాణ్ణి. అందుకే లోకం పుట్టడం గురించి నన్ను ఎప్పుడు లేపి అడిగినా చెప్పగలను. లేవీకాండం అనే పుస్తకం ఉందని కూడా తెలుసు. దాని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి.

నా భార్య చదివింది మూడో తరగతి. బీడీలు చుట్టేది. మధ్యాహ్నం చాట పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, సంఘంలో ఎవరో ఇచ్చిన పాత బైబిలు తీసేది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది. ఎంత తుడిచినా పోని తంబాకు రంగు ఆ పేజీల అంచులకు అంటేది. నేను నవ్వేవాణ్ణి.

"ప్రభువు రెండోసారి అచ్చేదాక గూడ నీకు ఒక్క అధ్యాయం కాదే," అనేవాణ్ణి.

"కాకపోతె ఆయననే అడుగుత, మిగిలింది చెప్పుమని," అనేది తల ఎత్తకుండా.

చివరికి మా వాడకట్టులో సగం మంది మగవాళ్లు పోయిన దారిలోనే నేనూ దుబాయికి బయలుదేరాను. జగిత్యాల బస్టాండు దాకా పాస్టరయ్య వచ్చి కొత్త బైబిలు ఒకటి, అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ఏ రోజు ఏ అధ్యాయం చదవాలో ఆ కాగితంలో ఉంది, పక్కన గుర్తు పెట్టుకోవడానికి చిన్న గడి. అట్లాంటిదే ఇంకొకటి నా భార్యకు ఇచ్చారు. "ఇద్దరు ఒక్కటే అధ్యాయం సదువుండ్రి. ఎంత దూరమున్నా ఒక్క కాడ కూసున్నట్టే," అన్నారు. సదువుతం అన్నాం ఇద్దరం. నా గొంతే పెద్దగా వినిపించింది.

అక్కడ ఆ కాగితాన్ని నా మంచం పక్కన గోడకు అతికించాను. మొదటి వారం నిజంగానే చదివాను. రెండో వారం నుంచి గడులు మాత్రమే నింపాను. ఒక శుక్రవారం తీరిగ్గా కూర్చుని రాబోయే నెలకు కూడా గుర్తులు పెట్టేశాను, మళ్లీ మళ్లీ పెన్ను వెతుక్కోవడం ఎందుకని. కొత్త బైబిలు ఖాళీగా ఏమీ ఉండలేదు. దాని కింద పెడితే ప్యాంటు మడతలు ఇస్త్రీ చేసినట్టు నిలిచేవి. తలగడ పల్చగా ఉన్నందున దాని కిందికి కూడా పనికొచ్చేది. "ఈ అన్న బైబిలు మీదనే పండుతడు," అని గదిలోవాళ్లు నన్ను గౌరవంగా చూసేవాళ్లు. అక్కడ మాకు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగువాళ్ల ప్రార్థన కూడా శుక్రవారమే. వారం తిరగకముందే అక్కడా చదివే పని నాకే ఇచ్చారు.

ప్రార్థన అయ్యాక ఇంటికి ఫోను చేసేవాణ్ణి. మా వీధి కిరాణా దుకాణంలో ఫోను ఉండేది. దుకాణమాయన కేకేస్తే నా భార్య వచ్చేది, ఆమె వెనకాల వీధి వచ్చేది. ఆ ఫోనులో ఎప్పుడూ నడిచే మాట ఒక్కటే: మంచిగున్నం. దూరంలో ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదని మా దగ్గర అందరికీ తెలుసు. చెబితే ఏం చేస్తాడు, అన్నం మానేస్తాడు తప్ప. తండ్రి దినాలు కూడా అయిపోయాక తెలిసిన వాళ్లు మా గదిలోనే ఇద్దరు ఉన్నారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? కాలికి ఇనుప కడ్డీ గుచ్చుకుని నాలుగు కుట్లు పడిన వారం కూడా "మంచిగున్న" అనే చెప్పాను.

ఒక శుక్రవారం ఆమె గొంతు బొంగురుగా ఉంది. అందరూ ఎట్లున్నరు అంటే మంచిగున్నం అంది. బిడ్డ ఏదంటే ఆడుకుంటుందంది. తర్వాత, "ఈ వారం కాగితంల ఉన్నది సదువకు," అంది. "రాజుల రెండో గ్రంథం, నాలుగో అధ్యాయం సదువు. మంచిగ సదువు. మొత్తం సదువు."

"సదువుత," అన్నాను. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. పైగా కాగితంలో గడి తప్పుతుందే అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఫోను ఎత్తగానే, "సదివినవా?" అంది.

చదవలేదు. కానీ ఆ అధ్యాయం మొదట్లో ఏముందో నాకు తెలుసు, సంఘంలో పదిసార్లు విన్నాను. ఒక విధవరాలి ఇంట్లో చిన్న బుడ్డిలో నూనె, పక్కిళ్ల నుంచి తెచ్చిన పాత్రలన్నీ నిండేదాకా అది తరగకపోవడం. అది చాలదా నాకు! గొంతు సవరించుకుని, "మస్తుగుంది," అన్నాను. "ఆ నూనె ముచ్చట సూడు, ఎన్ని గిన్నెలు తెస్తే అన్ని నిండినయ్. మనం గూడ గిన్నెలు పట్టుకోని సిద్ధంగ ఉండాలె." ఇట్లా చాలాసేపు చెప్పాను. దుకాణం ముందు నిలబడ్డవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

ఆమె మొత్తం విన్నది. తర్వాత మెల్లగా, "నూనె అయిపోయినంక ఏమచ్చింది?" అంది.

"ఏమస్తది? దేవుడు దీవించిండు."

"సరె. మంచిగున్నం," అని పెట్టేసింది. నా వాక్యానికి ఆమె గుండె కరిగి మాట రాలేదనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

ఇంకో పది రోజులకు మా గదికి మల్లాపూర్ నుంచి కొత్తగా ఒకతను వచ్చాడు. ఆ మంగళవారం క్రేను చెడిపోయి పని ఆగింది. గదిలో అన్నం తింటుంటే పలకరించాడు. "అన్నా, మా చెల్లె కోరుట్లల మీ ఎనుక గల్లీలనే ఉంటది. దవఖానల ఉన్న మీ బిడ్డకు ఎట్లుంది ఇప్పుడు?"

నా ముఖం చూసి ఆయన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. నాకు చెప్పలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇంకేమీ తెలియదన్నాడు. జ్వరమట, కరీంనగర్ తీసుకుపోయారట, అంతే విన్నాడట.

ఆ మాటతోనే నాకు ఆ అధ్యాయం గుర్తొచ్చింది. నా భార్య దాన్ని ఎందుకు చదవమందో అప్పుడు వెలిగింది. ప్యాంటు మడతల మీది నుంచి బైబిలు లాగాను. రాజుల రెండో గ్రంథం ఎక్కడుంటుందో కూడా తెలియక ముందు విషయసూచిక చూశాను. ఇంత పెద్ద చదువరిని.

నూనె అయిపోయింది. తర్వాత ఒక ఊరిలో ఒక తల్లి, లేక లేక పుట్టిన ఒక పిల్లవాడు. పిల్లవాడు పొలంలో తండ్రి దగ్గరికి పోయి తల పట్టుకుని ఏడుస్తాడు. తెచ్చి తల్లి ఒడిలో పెడతారు. మధ్యాహ్నం దాకా ఒడిలో ఉండి చచ్చిపోతాడు. ఆ తల్లి తలుపు మూసి ప్రవక్త దగ్గరికి బయలుదేరుతుంది. దారిలో ప్రవక్త పంపిన మనిషి ఎదురొచ్చి, నువ్వు, నీ భర్త, నీ బిడ్డ బాగున్నారా అని అడుగుతాడు. బాగున్నాం అంటుంది.

అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. నలుగురిలో అంత గట్టిగా చదివేవాడికి ఆ కథ ఎట్లా ముగుస్తుందో తెలియదు. భయంతో నాకు అక్షరాలు ఆనలేదు. నా భార్యలాగా ఒక్కో మాట కింద వేలు పెట్టి, నాకే వినపడనంత చిన్నగా కూడబలుక్కుంటూ చదివాను. నా జీవితంలో నేను మనసు పెట్టి చదివిన మొదటి అధ్యాయం అదే. చివరికి ఆ పిల్లవాడు ఏడుసార్లు తుమ్మి కళ్లు తెరిచాడు. మా ఇంట్లో ఒక్క తుమ్ము వినిపిస్తే బయలుదేరినవాళ్లు చెప్పులు విప్పి కూర్చుంటారు. నేను మాత్రం ఆ ఏడు తుమ్ములు చదివి మంచం మీద కూర్చుని ఏడ్చాను.

పరుగెత్తి ఫోను చేశాను. మంగళవారం ఫోను రావడం చూసి దుకాణమాయన హడలిపోయాడు. ఆమె వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"బిడ్డకు తలనొప్పి తగ్గిందా?" అన్నాను.

"ఎవలు చెప్పిండ్రు?"

నేనే చదివి తెలుసుకున్నానని చెప్పుకునే అవకాశం అప్పుడు కూడా ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "మల్లాపూర్ ఆయన చెప్పిండు. గప్పుడు సదివిన."

"గన్ని దినాలు నూనె కాడనే ఉన్నవా?" అంది. అని ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపూ ఒకేసారి ఏడ్చింది.

బిడ్డను రెండు రోజుల కిందటే ఇంటికి తెచ్చారు. మెదడు జ్వరం. ప్రాణం దక్కింది, ఎడమ చెవి పోయింది. నాకు చెప్పనని మా అమ్మ ఆమెతో బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుందట. ఒట్లు మన విశ్వాసంలో లేవని తెలిసినా, ఆ తల అట్లా కాలిపోతుంటే ఆమెకు ఒట్టు తప్పే ధైర్యం లేకపోయింది. అధ్యాయం చెప్పడం కబురు చెప్పడం కాదు కదా అని ఆలోచించి పెట్టుకుందట. నాకు అనుమానం రాకూడదని శుక్రవారం శుక్రవారం కరీంనగర్ నుంచి బస్సెక్కి కోరుట్ల వచ్చి, నా ఫోను ఎత్తి, మళ్లీ బస్సెక్కి దవఖానకు పోయేదట. రానూ పోనూ అంత దూరం వచ్చి ఆమె విన్నది నూనె మీద నా ప్రసంగం.

"నువ్వు రావాలని కాదు," అంది. "నాకొక్కదానికే తెల్సుడు కష్టమైంది."

నేను తిరిగి వచ్చాక ఆమె పాత బైబిలు తీసి చూశాను. ఆ అధ్యాయం ఉన్న పేజీ అంచు మొత్తం తంబాకు రంగే. నాది అప్పటికీ తెల్లగా ఉంది.

ఇప్పుడు పొద్దున లేవగానే, చాయ్ కంటే ముందు, గోడవైపు తిరిగి కూర్చుని చదువుతాను. గోడవైపు ఎందుకంటే మనుషులు కనిపిస్తే నా గొంతు దానంతటదే లేస్తుంది. లేవీకాండం రెండుసార్లు దాటాను. అయినా నా భార్యకు నమ్మకం కుదరలేదు. నేను బైబిలు మూయగానే, "నూనె అయిపోయినంక ఏమచ్చింది?" అంటుంది. ఏమొచ్చిందో చెబితేనే చాయ్.

బిడ్డ ఇప్పుడు హైదరాబాదులో దవఖానలో నర్సు. కుడి చెవికి ఫోను పెట్టుకుని, "మంచిగున్న బాపూ," అంటుంది. ఆ మాట నేను నమ్మను. "ఇయ్యాల ఏం సదివినవ్ బిడ్డా?" అంటాను. విసుక్కుంటూనే చెబుతుంది. లైనులో ఉండమని, ఆ పేజీ తీసి చివరి దాకా చదివాకే మాట్లాడతాను.

పోయిన వారం నలభై రెండో కీర్తన అంది. నీళ్ల కోసం ఆశపడే దుప్పి కీర్తన, ఎవరికి తెలియదు! దుప్పి ముచ్చట మస్తుంటదని నోటి దాకా వచ్చింది. ఆపుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదివాను. దుప్పి అయిపోయాక, పగలూ రాత్రీ కన్నీళ్లే తనకు అన్నమయ్యాయని ఉంది.

"బిడ్డా," అన్నాను, "అన్నం తిన్నవా?"

నా వేలు ఆ మాట మీదే ఉంది.

"లేదు బాపూ," అంది.