బిగుసుకుపోయిన జాయింటు మిషను

యాభైల చివర్లో నాగాయలంక టూరింగ్ టాకీసులో నేను ఆపరేటరుగా ఉన్నప్పుడు, నా ప్రాణం తోడేసింది అరచేతిలో పట్టేంత జాయింటు మిషను. మద్రాసులో ఎవరో ఎడిటింగ్ గదిలో అరిగేదాకా వాడి అవతల పడేస్తే, మా యజమాని దాన్ని మురిసిపోతూ కొనుక్కొచ్చాడు. తెగిన ఫిల్ము కొసలు రెండింటినీ దాని పళ్లకు తగిలించి, బ్లేడుతో గీకి, జిగురు రాసి, పైమూత నొక్కి పట్టాలి. మూత గట్టిగా కూర్చుంటేనే అతుకు నిలుస్తుంది. మా మిషను మూత మాత్రం సగందాకా వచ్చి, అలిగిన అల్లుడిలా అక్కడే ఆగిపోయేది.

మా దాకా వచ్చే బొమ్మలేమైనా కొత్తవా? విజయవాడలో ఆడి, గుడివాడలో ఆడి, బందరులో ఆడి, ఒళ్లంతా చిరుగులతో వచ్చేవి. మధ్యాహ్నమంతా నడుం పడిపోయేలా కూర్చుని నేను వేసిన అతుకులు ఆట మధ్యలో ఊడిపోయేవి. తెర తెల్లబడటం ఆలస్యం, నేల క్లాసు నుంచి ఈలలు, మా అమ్మానాన్నలకు అక్షింతలు. ఫిల్ము పెట్టెతో పాటు వచ్చే కంపెనీ రిప్రజెంటేటివు, ఇంకోసారి ఇలా అయితే ఇక బొమ్మలిచ్చేది లేదని మా యజమానికి తేల్చి చెప్పాడు. యజమాని నన్ను పిలిచి, “ఈసారి ఆట ఆగిందంటే నీ దారి నువ్వు చూసుకో” అన్నాడు. బందరులో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ ఉద్యోగం తప్ప మాకు వేరే ఆధారం లేదు.

ఉప్పుగాలి పని అనుకున్నాను. మిషను విప్పి, కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె వేశాను. మూత వెన్నలా కదిలింది. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. స్ప్రింగు పాతబడిందేమోనని గుడివాడ దాకా వెళ్లి, రైసుమిల్లు ఫిట్టరు కాళ్లావేళ్లా పడి కొత్తది చుట్టించుకొచ్చాను. అదీ అంతే. కీలులోని చీల ఊడదీసి సానబెట్టాను. అదీ అంతే! దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. చివరికి ఒకరోజు విసుగెత్తి కీలు సందులో సూది పెట్టి గెలికితే, పచ్చటి బంక ఊడివచ్చింది. వాసన చూశాను. పసుపు.

ఎవరి పనో తెలుసుకుందామని కాపు కాశాను. శుక్రవారం పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, యజమాని గారి తల్లి తలంటు పోసుకుని వచ్చి నా మిషను ముందు కూర్చుని ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు దాని నెత్తినే పోస్తోంది.

“అమ్మగారూ, ఏం చేస్తున్నారండీ!” అని కేక పెట్టాను.

“ప్రతి శుక్రవారం చేసేదేగా నాయనా. అందరి కళ్లూ మావాడి టాకీసు మీదే. నువ్వొచ్చేసరికి కొంగుతో శుభ్రంగా తుడిచి పెట్టట్లేదూ?”

“చేస్తే ఆ బొమ్మాడించే పెద్ద మిషనుకు చేసుకోవచ్చు కదండీ!”

“అమ్మో, దానికి కరెంటుంటుంది. ముట్టుకుంటే కొట్టదూ? ఇదైతే బంగారుతల్లి, చేత్తో నొక్కేదేగా.”

నెత్తి కొట్టుకున్నాను. పసుపు ఎండితే బంకలా పట్టేస్తుందని, కొబ్బరినీళ్లకు తుప్పు పడుతుందని, నా ఉద్యోగం దీని మీదే ఉందని మొత్తుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. మళ్లీ అంతా విప్పి, కడిగి, బిగించాను. ఆ వారం ఒక్క అతుకూ ఊడలేదు. రిప్రజెంటేటివు రీళ్లు తిరగేసి చూసి, తలూపి వెళ్లాడు. నాకు మీసం మెలెయ్యాలనిపించింది.

కాని ఆ వారమంతా ముసురు పట్టింది. డేరాలో పట్టుమని పదిమంది లేరు. మా యజమాని బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించి, ఆలోచించి, కారణం కనిపెట్టాడు.

“మా అమ్మ చేత పూజ మాన్పించావంటగా?”

“ఈ వానలో జనం ఎలా వస్తారండీ?”

“ఇన్నాళ్లూ పడలేదా వాన? రేపు శుక్రవారం మళ్లీ కొబ్బరికాయ కొట్టిస్తాను. నువ్వు అడ్డం రాకు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “అయితే ఆ కొబ్బరికాయైనా ఉండాలి, నేనైనా ఉండాలండీ” అనేశాను.

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. “కొబ్బరికాయే ఉండనీ” అన్నాడు.

మర్నాడు పొద్దున ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంటే, ఆ పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చి నా చేతిలో ఒక కొబ్బరిచెక్క పెట్టింది.

“నీ మిషనుకు కొట్టిందే నాయనా. మీ ఆవిడకు పెట్టు, సుఖంగా పురుడొస్తుంది.”

ఉద్యోగం పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నేను కడిగి, సానబెట్టి, వెన్నలా చేసిన కీలులోకి ఆ నీళ్లు అప్పటికే దిగిపోయి ఉంటాయి.