మందుబిళ్ళ ఎరగని మనిషి

మా బావ డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఈల మెడలోంచి తీశాడు గానీ గొంతులోంచి తీయలేదు. పొద్దున్నే స్కూలు మైదానంలో నడిచేవాళ్ళకు తనంతట తానే పెద్ద అయిపోయాడు. బీపీ మాత్ర వేసుకునే పోస్టుమాస్టరును "నడిచే మందులషాపు" అనేవాడు. షుగరున్న టైలరు రెండు చుట్లకే బెంచీ మీద కూలబడితే, "లేవయ్యా! నీకన్నా మా ఇంటి తలుపు నయం, రోజంతా నిలబడే ఉంటుంది" అని అరిచేవాడు. వాళ్ళు వెక్కిరింతగా 'ఉక్కు మాస్టారు' అన్నారు. ఈయన అది బిరుదనుకున్నాడు.

ఆ ఉక్కుకు రెండేళ్ళ కిందటే గుండెపోటు వచ్చింది. పిల్లలకు ఆటల శిక్షణ ఇవ్వడానికి వెళుతున్నానని అందరికీ చెప్పి, ఇంకో ఊరి ఆసుపత్రిలో చికిత్స చేయించుకొచ్చాడు. అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర మింగుతున్నాడు. అది మా అక్క కళ్ళజోడు పెట్టెలో దాక్కునేది. అక్క తోడబుట్టినవాణ్ణి, ఆమె కూడా నాకు తెలియనివ్వలేదు.

ఈలోగా కిడ్నీలో రాయి పడింది. నొప్పికి వంటింటి గచ్చు మీద చేపలా గిలగిల్లాడాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, కోత లేకుండా బయటినుంచే తరంగాలతో కొట్టి రాయిని పగలగొడతామంది. అక్క స్కానింగు కాగితాలు తేవడానికి కిందికి వెళ్ళిన సమయంలో ఆమె అడిగింది:

"రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? ఉంటే ముందే చెప్పాలి. లోపల రక్తస్రావం అవుతుంది."

పక్కన తోడొచ్చిన పోస్టుమాస్టరూ టైలరూ ఉన్నారు. బావ ఛాతీ విరుచుకున్నాడు.

"నాకు మందుబిళ్ళ రంగు కూడా తెలీదమ్మా."

అక్క వచ్చి, "అన్నీ చెప్పారా?" అని అడిగితే, "చెప్పకుండా ఉంటానా?" అని కసిరాడు.

చికిత్స జరిగింది. సాయంత్రానికి నడుం పక్కన ఎర్రగా కమిలిన చోటును వచ్చినవాళ్ళందరికీ పతకంలా చూపించాడు. మర్నాడు పొద్దున నడుము పట్టేసింది, ఒళ్ళంతా చెమట. అయినా మైదానానికి బయల్దేరాడు. వసారా దాటకుండానే కూలిపోయాడు. నేనూ, ఎలా ఉన్నాడో చూడ్డానికొచ్చిన టైలరూ కలిసి ఆటోలో వేసుకుని పరుగెత్తాం. పోస్టుమాస్టరు అక్కను తీసుకుని వెనకే వచ్చాడు.

స్కాను చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"మూత్రంలో కొంచెం రక్తం పడటం మామూలే. ఇలా కిడ్నీ చుట్టూ చేరడం అరుదు. నిజం చెప్పండి, ఏ మందూ వాడట్లేదా?"

మనిషి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. అయినా ఓరకంట స్నేహితుల్ని చూసి, "లేదు" అన్నాడు! చావు మంచం పక్కకొచ్చి కూర్చున్నా ఇలాంటివాడు దానికి కండలే చూపిస్తాడు.

అక్క కళ్ళజోడు పెట్టె తెరిచి, మాత్రల అట్టను అందరి ముందూ డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"గుండెపోటు వచ్చిందమ్మా ఈయనకి. ఇది రోజూ వేసుకుంటారు. నిన్న పొద్దున కూడా వేసుకున్నారు."

"నా పరువు తీశావే" అని మూలిగాడు బావ.

"పరువుకి రక్తం ఎక్కించరు. మీకే ఎక్కించాలి. నోరు మూసుకుని పడుకోండి."

ముప్పై ఏళ్ళ కాపురంలో అక్క ఆయనతో అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. టైలరు నవ్వలేదు, పాపం. రక్తం ఇవ్వడానికి చొక్కా చెయ్యి మడిచాడు. షుగరుందని నర్సు వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు.

గుండె డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర కొన్నాళ్ళు ఆపారు. రక్తం ఎక్కించారు. కోత అవసరం లేకుండానే కిడ్నీ దక్కింది. రాయి మాత్రం సగమే పగిలింది, మిగతాది అక్కడే ఉంది.

ఇంటికొచ్చాక పోస్టుమాస్టరూ టైలరూ పలకరించడానికి వచ్చారు. క్షమించమంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. నాది పిచ్చి ఆశ.

"ఆ మిషను బలం ఎక్కువ పెట్టేశారు. నేను కాబట్టి తట్టుకున్నాను. మీలాంటివాళ్ళయితే..." అని మొదలెట్టాడు బావ.

వాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. అక్క టీవీ సౌండు పెంచింది.