కిటికీ గట్టు మీది పాత లెన్సు

పొద్దున ఎండ ముందుగదిలోకి రాగానే కిటికీ రెక్క తెరిచి, గట్టు మీద వెండికాగితం పరిచి, దాని మీద లెన్సు నిలబెట్టడం ఆ ఇంట్లో అద్దాలాయన పని. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదిలేవాడు కాదు గానీ, ఎండ జానెడు జరిగితే చాలు, లేచి వెళ్ళి లెన్సునూ జరిపేవాడు. ఇప్పుడా పని ఆయన భార్య చేస్తోంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మనిషి పోయినా ఎండ మాత్రం వేళకు వస్తూనే ఉంది; వచ్చినదాన్ని ఊరికే పోనివ్వలేక పెడుతోంది.

వీధి వైపు గదిలో ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడు. మిగతా పొద్దంతా ఫిలిం రోజుల నాటి లెన్సులు విప్పి, లోపలి బూజు తుడిచి, మళ్ళీ బిగిస్తూ కూర్చునేవాడు. అందుకే వీధి మొత్తానికీ అద్దాలాయన అయ్యాడు. కొత్త కెమెరాల్లో అన్నీ వాటంతట అవే జరిగిపోవడం ఆయనకు గిట్టేది కాదు. వేళ్ళతో రింగు తిప్పుతుంటే మసకలోంచి మనిషి మెల్లగా తేలి రావాలి, అప్పుడే ఆయనకు తిన్నది ఒంటపట్టేది.

పెళ్ళికి ముందు కొన్న లెన్సొకటి పెట్టెలో అడుగున పడి ఉండిపోయింది. ఈమధ్య బయటికి తీసేసరికి డికాషన్ రంగులో ఉంది. ఆ రోజుల్లో గాజులో ఏదో కలిపేవారట. ఏళ్ళు గడిచేకొద్దీ అలాంటి లెన్సులు పసుపెక్కుతాయట, ఎండ తగిలితే ఆ పసుపు మళ్ళీ దిగుతుందట.

"ఇది తేరుకున్నాక మొదటి ఫొటో నీదే" అన్నాడు భార్యతో.

"అప్పటికి నా జుట్టు నెరిసిపోతుంది" అందావిడ.

"మంచిదే. తెలుపు తెల్లగా పడితేనే లెన్సు బాగైనట్టు."

మొదటి రోజే ఆ లెన్సు ఎండనంతా ఒకచోట పోగుచేసి, కర్టెన్‌కి బటానీ గింజంత చిల్లు కాల్చింది. కమురు వాసన వంటింటి దాకా వచ్చింది. ఇంట్లో ఇది వద్దని ఆవిడ అంది. ఆయన నవ్వేసి, ఆనాటి నుంచి వెనకవైపు మూత బిగించి పెట్టడం మొదలుపెట్టాడు. చిల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.

వారానికోసారి పరీక్ష. ఆ లెన్సును ఇత్తడి రింగుతో డిజిటల్ కెమెరాకు తగిలించి, తెల్ల చొక్కా తొడుక్కుని, కిటికీ పక్కన స్టూలు మీద తనే కూర్చునేవాడు. ఫొటో ఆవిడ తియ్యాలి. కెమెరాలో రంగుల సెట్టింగు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పోయిన వారానికీ ఈ వారానికీ తేడా తెలియదు. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే పెట్టాలి. ఆవిడ రింగు అటూ ఇటూ తిప్పి, ఆయన కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడేదాకా చూసి అప్పుడు నొక్కేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కళ్ళలోకి అంతసేపు చూసింది ఆ వారాల్లోనే. చూసింది పదును కోసం. రంగు సంగతి ఆయన చూసుకుంటాడు కదా.

వారాలు గడిచేకొద్దీ ఫొటోలో చొక్కా తెల్లబడుతూ వచ్చింది. ఒకరోజు స్క్రీను చూసి ఆవిడే అంది, "చొక్కా బాగానే తేరుకుంది. మీ మొహమే అలా ఉంది."

"చొక్కా నువ్వు ఉతికావు కాబట్టి తెల్లబడింది. నన్నూ ఓసారి ఉతుకు" అన్నాడాయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన కంప్యూటరులో మొహం మీది పసుపు కాస్త లాగేసి, ఇంకొన్నాళ్ళు ఎండ పడాలి అని తేల్చేశాడు. అప్పటికే అన్నం సగంలో వదిలేస్తున్నాడు. చేతులు గోక్కుంటూ, లెన్సులు తుడిచే మందు పడటం లేదన్నాడు. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు.

అత్తగారింటి నుంచి కూతురు వచ్చిన రోజు గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో సంచీ కింద పెట్టలేదు.

"నాన్నా, కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"లెన్సు పసుపు ఇంకా దిగలేదమ్మా" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"నేను లెన్సులోంచి చూడట్లేదు నాన్నా."

కాలేయం దగ్గర నాళంలో గడ్డ ఉందని, కామెర్లు దానివల్లేనని డాక్టర్లన్నారు. ముందే తీసుకొస్తే చూసేవాళ్ళమన్నారు. ఎంత ముందు అని ఆవిడ అడగలేకపోయింది. ఆయన ఆస్పత్రి నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు.

గోడకు పెట్టడానికి ఫొటో కావాల్సి వచ్చింది. ఊరందరినీ తీసిన మనిషికి తనదంటూ ఒక్క మంచి ఫొటో లేదు, ఈ పరీక్షవి తప్ప. ఫొటోల కలర్ ల్యాబులో పనిచేసే మరిది వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడింది.

"మొహంలో పసుపు లాగేస్తాను వదినా. చిటికెలో పని" అంటూ మంచిది ఎంచడానికి ఫొటోలన్నీ వరసగా పేర్చాడు. పేర్చాక అతని చెయ్యి ఆగిపోయింది. మొదటి దాంట్లో చొక్కా డికాషన్ రంగు. ఆఖరి దాంట్లో దాదాపు తెలుపు. మొహం మాత్రం ఒక్కో ఫొటోకీ చొక్కాను వదిలేసి, తన దారిన తను ముదురుతూ పోయింది. కళ్ళైతే మరీ.

"ఇవి నువ్వే తీశావా వదినా?"

"నేనే."

అతను ఆఖరి ఫొటోలో కన్ను పెద్దది చేసి చూశాడు. "ఫోకస్ బాగా కుదిరింది" అన్నాడు.

ఆఖరి ఫొటోలో చొక్కా కాలర్ దగ్గర ఇంకా కాస్త పసుపు ఉంది. ఆవిడ వేలు పెట్టి చూపించి, ఇదెవరిదని అడిగింది. అది లెన్సుదేనన్నాడు మరిది. ఇంకొన్నాళ్ళు ఎండలో పెడితే అదీ పోయి, గాజు నీళ్ళలా అయిపోతుందని చెప్పాడు.

"అదీ పోతే?"

"పోతే ఏముంది వదినా, ఎదురుగా ఉన్న రంగే పడుతుంది."

గోడ ఫొటో సంగతి తరవాత చూద్దామని ఆవిడ అతన్ని పంపించేసింది.

మర్నాడు ఎండ వేళకే వచ్చింది. ఆవిడ కిటికీ రెక్క తెరిచింది, వెండికాగితం పరిచింది. లెన్సు మూత తీసి, స్టూలు వైపు చెయ్యి చాచి పట్టుకుని చూసింది. ఖాళీ స్టూలు తలకిందులై, బొమ్మంతై, లేత పసుపులో వేలాడుతోంది. ఇంకా ఉంది. గోరంతైనా ఉంది. ఆ గోరంత ఉన్నన్నాళ్ళూ పసుపు లెన్సుదని అనుకోవచ్చు. అదీ దిగిపోతే, మిగిలిందంతా ఆయనదే. అంతా ఆవిడ చూసిందే.

లెన్సుకు రెండు మూతలూ బిగించి, పెట్టెలో అడుగున పెట్టి గడియ వేసింది. ఎండ ఉత్త వెండికాగితం మీద కాసేపు మెరిసి, గట్టు చివరికి జరిగి, నేల మీదికి దిగింది. ఆవిడ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.