బురుల్ చెప్పిన సాక్ష్యం

బురుల్ మా పక్కింటికి కోడలై వచ్చిన నాటి నుంచీ మామగారి పేరు పలకలేదు. మా కిర్గిజ్ ఊరు తొక్మోక్‌లో కోడళ్ళెవరూ పలకరు, నేనూ పలకలేదు. కానీ ఆమె నిష్ఠ వేరు. మామగారి పేరు జుమాదిల్. అందులోని జుమా అంటే మా భాషలో శుక్రవారం, అందుకే ఆ రోజును "గురువారం మర్నాడు" అనేది. పిల్లలకూ అదే అలవాటైంది. కొత్తలో ఓసారి జుమా అని నోరు జారితే అత్త వేడి గరిట మూతికి ఆనించింది. ఆ తర్వాత ఇక జారలేదు. తెల్లారకముందే లేచి టీ కాచేది. మామగారికి వీపు చూపకుండా వెనక్కి నడిచి గది దాటేది. ఇంత చేసినా ఆ ఇంట్లో ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

జుమాదిల్ టాక్సీ నడుపుతాడు. కొడుకు మిర్లాన్‌కు స్థిరమైన పని లేదు, ఇంటిల్లిపాదీ తినేది ఆ బండి మీదే. మొన్న వసంతంలో బజారు మూల దగ్గర తిరగకూడని చోట ఎడమకు తిరిగాడని పోలీసు చలానా రాశాడు. అప్పటికే ఆయన మీద ఓ తప్పు ఉంది. ఇదీ ఖాయమైతే లైసెన్సు పోతుంది. నిజానికి ఆ రోజు స్తంభానికి రంగు వేసేవాళ్ళు, ఎడమకు తిరగరాదన్న బోర్డుకు గోనెపట్టా చుట్టారు. వెనక సీట్లో పిండి బస్తాతో కూర్చున్న బురుల్ అది చూసింది. అందుకని ఆయన కోర్టుకెక్కి, కోడల్ని సాక్షిగా తీసుకెళ్ళాడు. పక్కింటిదాన్ని కదా అని ఆడతోడుగా నన్నూ రమ్మన్నాడు.

జడ్జి రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి.

"బండి నడిపిందెవరమ్మా?"

"మా పిల్లల తాతగారు," అంది బురుల్.

"పేరు చెప్పు."

బురుల్ తల వంచుకుంది. పోలీసు నవ్వాడు.

"చూశారా మేడం, డ్రైవరెవరో కూడా తెలీదు. ఈవిడ ఆ బండెక్కనే లేదు. ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించి తెచ్చారు."

నేను ఉండబట్టలేక లేచాను. "కోడలు మామగారి పేరెలా పలుకుతుంది మేడం? మీ అమ్మగారు పలుకుతారా?"

"మా అమ్మ సంగతి వదిలేయండి. పేరు చెప్పకపోతే ఈ సాక్ష్యం రాసుకోను," అని జడ్జి జుమాదిల్ వైపు తిరిగింది. "మీరైనా చెప్పమనండి పెద్దాయనా."

ఒక్కసారి తల ఊపితే చాలు. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. లైసెన్సూ కావాలి, పరువూ కావాలి. మధ్యలో నలిగేది కోడలు, ఆయనకేం పోయింది? ఆయన నెత్తి మీది టోపీ పీకి నేలకేసి కొట్టాలనిపించింది నాకు.

బురుల్ ఆయన వైపే చూసింది. ఆయన తిరగలేదు.

"జుమాదిల్," అంది చివరికి. "జుమాదిల్ గారు నడిపారు. బోర్డుకి పట్టా చుట్టేసుంది. నేను చూశాను."

చలానా కొట్టేశారు.

బయటికొచ్చి బురుల్ కారు వెనక తలుపు పట్టుకునేలోపే లోపల్నుంచి లాక్ పడింది. ఆయన అద్దం దించి, ఆమెను చూడకుండా నాతో అన్నాడు.

"పేరు పెట్టి పిలిచే మగరాయుడు నా కొంపలో వద్దు. పుట్టింటికి పొమ్మను."

"నీ లైసెన్సు నిలబెట్టింది కదా అన్నయ్యా."

"సాక్ష్యం చెప్పమన్నాను గానీ, నా పరువు తీయమన్నానా?"

బండి వెళ్ళిపోయింది. మేం నడిచి వచ్చేసరికి గేటుకు అడ్డంగా మిర్లాన్ నిలబడి ఉన్నాడు. లోపల చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది.

"కొన్నాళ్ళు మీవాళ్ళింట్లో ఉండు. నాన్న కోపం తగ్గనీ," అన్నాడు.

"దానికి పాలిచ్చి వెళ్తాను."

"అమ్మ ఆవుపాలు పడుతోందిలే."

బురుల్ కదల్లేదు. గేటు మూసుకుంది. అప్పటికే ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయింది. నా శాలువా తీసి కప్పాను.

మర్నాడు రొట్టెలకని బజారుకు వెళితే, టాక్సీ స్టాండులో జుమాదిల్ అందరికీ టీ పోయించి కోర్టు కథ చెబుతున్నాడు. పోలీసు మొహం ఎలా మాడిందో చేసి చూపిస్తున్నాడు.

"ఇంతకీ సాక్ష్యం ఎవరు చెప్పారన్నా?" అని ఒక డ్రైవరు అడిగాడు.

"ఎవరో దారినపోయే ఆడమనిషిలే," అన్నాడు జుమాదిల్.