పల్లీల పొట్లాల్లో సారు మాటలు

ఏన్కూరులో నాకన్నా గడుసు బేరగాడు లేడు. రిటైరైన ఇంగ్లిష్ సారు దవాఖానాలో ఉండగా, ఆయన కోడలు తెచ్చిన లావుపాటి నిఘంటువును కిలోల లెక్కన కొని, పల్లీల పొట్లాలకు మొదటి పేజీ నుంచి చింపడం మొదలుపెట్టాను.

ఇంటికొచ్చాక సారుకు కాలు నిలవలేదు. రోజూ కొట్టు ముందు తచ్చాడుతూ, గిరాకీల పొట్లాలు విప్పించి, అంచుల్లో తాను పెన్సిల్‌తో రాసుకున్న అర్థాలు చదివేవారు.

“బిటైమ్స్ అంటే పెందలాడే. గిసొంటి పాత మాటలకు తెలుగు ఎతికేటందుకు నా నౌకరీ అంత పట్టింది. మిగిలింది ఇచ్చెయ్ బిడ్డా.”

“పొట్లాల ధరకైతే తీస్కపోండ్రి సారూ.”

“నా రాత నాకే అమ్ముతవా?”

వారం బెట్టు చేశాను, చింపుతూనే. సిగ్గేసి ఊరికే ఇచ్చేసిన రోజు లెక్క ఇది: నాకు మిగిలింది అరవై రూపాయలు, సారుకు మిగిలింది ఒక్క జెడ్ అక్షరం.