ఖీవాలో నేను తిన్న రొట్టె

ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, మర్యాద అంటే నన్ను చూసే నేర్చుకోవాలని నాకు గట్టి నమ్మకం. ఎవరింట్లో ఏం పెట్టినా వద్దనేవాణ్ణి కాదు, ఇదేమిటని అడిగేవాణ్ణీ కాదు.

అమెరికాలో, అరోరా ఊళ్లో నా రూమ్మేట్‌ది ఉజ్బెకిస్తాన్‌లోని ఖీవా. టీ తాగే దర్జా చూసి నవాబు అని పిలిచేవాణ్ణి. గ్రీన్‌కార్డు తేలక ఆరేళ్లుగా ఇంటికి వెళ్లలేదు పాపం. నేను ఇండియాకు టికెట్ బుక్ చేస్తుంటే, "బ్రదర్, దారిలో మా అమ్మను చూసి రా" అన్నాడు. దారి అంటే ఎడారి అని చెప్పలేదు. రెండు విమానాలు మారి, కార్‌లో ఇసుక చూస్తూ చూస్తూ పోతుంటే ఉన్నట్టుండి ఎదురుగా ఆకాశానికి అడ్డంగా మట్టి కోటగోడ లేచింది. దాని వెనక నీలి పలకల బురుజులు, అప్పుడే కడిగినట్టు మెరుస్తున్నాయి. ఒకప్పుడు పట్టు మూటలు మోసుకొచ్చిన ఒంటెలు నీళ్ల కోసం ఆగిన ఊరట. ఎన్ని వందల ఏళ్ల అలసట ఆ గోడకు ఆనుకుని సేదదీరిందో! కారు దిగి నేనూ కాసేపు ఆ గోడకు ఆనుకున్నాను.

నవాబు చెల్లెలు టూరిస్ట్ గైడు. అమ్మ మాటలన్నీ ఇంగ్లీషులో నాకు చెప్పేది. సాయంత్రం భోజనమయ్యాక ఆ అమ్మాయి లోపలికి వెళ్లినప్పుడు, అమ్మ గోడ మేకు నుంచి ఒక గుడ్డసంచీ దించి, అందులోని గుండ్రటి రొట్టెను రెండు చేతులతో నాకందించింది. ఎండి పెంకులా ఉంది. అంచున పంటిగాట్లు. ఎంగిలి! (సొంత తమ్ముడు తాగిన గ్లాసే ముట్టనివాణ్ణి.) కానీ తల్లి చేత్తో పెడుతుంటే కాదంటానా? సగానికి విరిచి, టీలో ముంచి, కళ్లు మూసుకుని నమిలేశాను. అద్భుతం అన్నట్టు తల కూడా ఊపాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. చెల్లెలు పరుగున వచ్చింది. "అయ్యో, అది అన్నయ్యది! ఊరు విడిచేవాళ్లు ఒక్కసారి కొరికి వెళ్తారు. మిగతాది తిరిగొచ్చి వాళ్లే తినాలి. అమ్మ మీకు చూడ్డానికిచ్చింది!"

ఆరేళ్లు దాచిన కొడుకు రాకను నేను టీలో ముంచుకు తినేశానన్నమాట. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. వెంటనే నవాబుకు వీడియో కాల్ చేసి జరిగింది చెప్పాను.

"ఎంత తిన్నావ్?"

"సగం."

"ఫ్రిజ్‌లో నా పెరుగు ఖాళీ చేసేవాడివి, ఊరుకున్నాను. ఇప్పుడు ఖీవా దాకా వెళ్లి నా రొట్టె కూడానా!" పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ ఫోన్‌లో కొడుకు ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత మిగిలిన సగాన్ని గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టింది.

"వాడు రొట్టె దగ్గరికి రాలేకపోతే, రొట్టే వాడి దగ్గరికి వెళ్తుందట. దారిలో తినొద్దంటోంది," అంది చెల్లెలు.

తినలేదు. ఇండియాలో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను అరోరా చేరిన పొద్దున నవాబు కిచెన్‌లో నిలబడి, ఒక్కో ముక్కే టీలో ముంచుకుని, రాలిన పొడితో సహా తిన్నాడు. నాకు రవ్వంత కూడా పెట్టలేదు. అప్పటి నాలోని మర్యాదస్తుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. పంటిగాట్లకు అంత జంకినవాణ్ణి, ఆ పొద్దున మాత్రం నాకూ కొంచెం పెడతాడేమోనని పక్కనే నిలబడి చూశాను.